ఖాతిల్ దిమాగ్‌లో ఒక బచ్చా

‘ద సెల్’ 2000లో వచ్చిన హాలీవుడ్ సినిమా. జలంధర్‌లో పుట్టిన తర్సేమ్ సింగ్ తీసిన మొదటి సినిమా. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూసేది కాదు, ముందే చెబుతున్నా.

అమ్మాయిల్ని గాజు గదిలో బంధించి, నీళ్లు నింపి చంపే ఖాతిల్ స్టార్గర్ కోమాలోకి పోతాడు. ఆఖరి అమ్మాయి ఇంకా బతికే ఉంది. ఆమె ఠికానా కోసం కేథరిన్ అనే సైకాలజిస్టు వాడి దిమాగ్‌లోకి దిగుతుంది. ఆ పాత్ర జెన్నిఫర్ లోపెజ్ వేసింది.

లోపలి దునియా చూస్తే హైరాన్ అయిపోతాం. గాజు పలకలు పైనుంచి పడి నిలబడ్డ గుర్రాన్ని ముక్కలుగా విడదీస్తాయి. గోడల మీది పరదాలు తఖ్త్ మీది బాద్షా ఒంటికే తగిలించి ఉంటాయి. ఐకో ఇషియోకా తయారుచేసిన లిబాస్‌లో ఖౌఫ్, ఖూబ్‌సూరతీ రెండూ ఉన్నాయి.

నా దిల్‌లో నిలిచింది మాత్రం అక్కడ నక్కి ఉన్న పిల్లవాడు. బాప్ దెబ్బలకు వణికే ఆ బచ్చాయే పెరిగి ఈ ఖాతిల్ అయ్యాడు. కేథరిన్‌కు రహమ్ కలుగుతుంది. ఎఫ్‌బీఐ ఏజెంట్ నోవాక్ ఒప్పుకోడు: అంతకంటే ఎక్కువ జుల్మ్ భరించి కూడా ఎవరికీ హాని చెయ్యని వాళ్లున్నారు కదా అంటాడు.

ఇద్దరి మాటా సహీ. బచ్పన్‌లో తిన్న దెబ్బలు ఖూన్‌కు మాఫీ కావు. కానీ ‘దెబ్బ పడందే అఖల్ రాదు’ అని మన మొహల్లాల్లో ఎంత సులువుగా అనేస్తాం! దెబ్బ తిన్న బచ్చా చుప్‌గా ఉంటే అదబ్ నేర్చుకున్నాడనుకుంటాం. లోపల ఏం నేర్చుకుంటున్నాడో చూడటానికి మన దగ్గర కేథరిన్ లేదు. పక్కన కూర్చుని అడగడం ఒక్కటే ఉంది.