పండు విమానమెక్కింది!

ప్రయాణం అనగానే మనకు ముందు గుర్తొచ్చేవి పులిహోర పొట్లం, మంచినీళ్ళ సీసా, గ్యాస్ కట్టేశామా లేదా అన్న అనుమానం. ఇంట్లో కుక్కో పిల్లో ఉన్నవాళ్ళకు ఇంకో బెంగ కూడా ఉంటుంది. దీన్ని ఎవరి దగ్గర వదిలి వెళ్ళాలి? రెండు రోజుల పెళ్ళికైతే పక్కింటివాళ్ళు ఇంత అన్నం పెడతారు. మరి ఊరే మారిపోవలసి వస్తే?

మా పెద్దాడబిడ్డకు సరిగ్గా ఆ చిక్కే వచ్చింది. ఆమెది బోధన్ దగ్గరి శక్కర్‌నగర్. 1937లో నిజాం కాలంలో మొదలైన చక్కెర ఫ్యాక్టరీతో పేరొచ్చిన చోటు అది. మా అన్నయ్య అందులోనే పనిచేశాడు. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. ఆ తర్వాత కొన్నేళ్ళకు అన్నయ్య కూడా పోయాడు. ఇంట్లో మిగిలింది వదినె, ఆయన తెచ్చిన పామేరియన్ కుక్క పండు.

ఢిల్లీలో ఉద్యోగం చేస్తున్న కొడుకు, "ఒక్కదానివే ఎన్నాళ్ళుంటవమ్మా, నా దగ్గరికి వచ్చెయ్. పండుని ఎవరికన్నా ఇచ్చిరా" అన్నాడు. వదినె ఒకటే మాట చెప్పింది. "ఫ్యాక్టరీ మూతపడ్డంక క్వార్టర్లు ఖాళీ చేసి పోయినోళ్ళ కుక్కలు గేట్ల కాడ కూసోని ఎదురుచూసుడు ఈ కండ్లతోని చూసిన బిడ్డా. పండుని అట్ల ఇడిసిపెట్టి నేను రాను."

అట్లా మొదలైంది మా ప్రయాణం. తోడుగా నేను వెళ్ళాను. ఇది తెలిసిన దగ్గరినుంచి మా కంఠేశ్వర్‌లో కనిపించిన ప్రతివాళ్ళూ "కుక్కను విమానంలో కూసోబెట్టుకుంటరా?" అని నోరు తెరిచి అడిగేవాళ్ళే. అందుకే తెలుసుకున్నవన్నీ ఒకచోట రాస్తున్నాను.

ముందు రైలు సంగతి ఆలోచించాం. ఏసీ ఫస్ట్ క్లాసులో కూపే గానీ క్యాబిన్ గానీ మొత్తం మనమే తీసుకుంటే కుక్కను వెంట ఉంచుకోవచ్చు. లేకపోతే గార్డు పెట్టెలో కుక్కలకోసం ఉండే అరలో పంపాలి. హైదరాబాదు నుంచి ఢిల్లీకి రైల్లో ఒక రోజు దాటుతుంది. అన్ని గంటలు పండు అక్కడ, మనం ఇక్కడ! పైగా వదినెకు మోకాళ్ళ నొప్పులు. విమానమైతే రెండు గంటల పైచిలుకు. సరే, విమానమే అనుకున్నాం.

అయితే అన్ని విమానాల్లోనూ ఎక్కనివ్వరు. ఎయిర్ ఇండియాలో చిన్న కుక్కల్నీ పిల్లుల్నీ మనం కూర్చునే చోటికే తీసుకెళ్ళే వీలుంది. ఆకాశ ఎయిర్ 2022 నవంబరు నుంచి ఆ సౌకర్యం మొదలుపెట్టింది. ఇండిగోలో చూపులేనివారికి దారి చూపే కుక్కల్లాంటివాటికి తప్ప పెంపుడు జంతువులకు చోటు లేదు. టికెట్ చవగ్గా దొరికిందని కొనేసి, తర్వాత కుక్క సంగతి అడిగితే డబ్బులు పోతాయి. ముందు కుక్కకు చోటు అడగండి, ఆ తర్వాతే మీ సీటు కొనండి. ఒక్కో విమానంలో ఒకటి రెండు జంతువులకు మించి ఒప్పుకోరు కాబట్టి ఎంత ముందుగా చెబితే అంత మంచిది.

అసలు సంగతి బరువు. కుక్క ఒక్కటే కాదు, దాన్ని పెట్టిన సంచితో కలిపి తూస్తారు. ఆకాశ వాళ్ళు మొదలుపెట్టినప్పుడు ఆ పరిమితి 7 కిలోలు. ఈ లెక్కలు కంపెనీని బట్టి, కాలాన్ని బట్టి మారుతుంటాయి. సంచి కొలతలు కూడా చెబుతారు. మన ముందు సీటు కింద పట్టాలి కదా! పండుని సంచిలో పెట్టి కంఠేశ్వర్‌లో మాకు తెలిసిన కిరాణా కొట్టు కాంటా మీద పెట్టాం. మొత్తం ఐదున్నర కిలోలు. కొట్టాయన "కిలో ఎంతకిస్తరమ్మా?" అని నవ్వాడు గానీ, వదినె ముఖం చూసి చప్పున ఊరుకున్నాడు.

పరిమితికి మించిన పెద్ద కుక్కలు కింద సామాన్లుండే చోట, ప్రత్యేకమైన పెట్టెలో ప్రయాణం చేస్తాయి. అక్కడ గాలి ఆడదని చాలామంది అపోహ. జంతువుల్ని ఉంచే ఆ భాగంలోనూ పైన మనకున్నట్టే గాలి ఒత్తిడి ఉంటుంది. కష్టమల్లా చీకటి, చప్పుడు, మనవాళ్ళెవరూ కనిపించకపోవడం.

మా అసలు ప్రయాణం నెల ముందే ఇంట్లో మొదలైంది. మొదటిది రేబీస్ టీకా. టీకా వేయించి కనీసం నెల గడిచి ఉండాలి, ఏడాది దాటిపోకూడదు. ఇది వట్టి కాగితాల తంతు కాదమ్మా. మనుషులకు వచ్చే రేబీస్‌లో 99 శాతం దాకా కుక్కల వల్లనే వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. టీకా వేసిన వెంటనే కాదు, కొన్ని వారాలకు గానీ ఒంట్లో రక్షణ తయారుకాదు. అందుకే ఆ గడువు. రెండోది, ప్రయాణానికి ముందు పశువైద్యుడు చూసి ఇచ్చే ఆరోగ్య పత్రం. అది ఎన్ని రోజుల లోపల తీసుకోవాలో విమాన కంపెనీ చెబుతుంది. అన్నిటికీ రెండేసి నకళ్ళు తీసి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాం.

మూడోది అలవాటు. జాలీ కిటికీలున్న మెత్తటి సంచి కొని, మూత తెరిచి వసారాలో పెట్టాం. లోపల వదినె పాత నేత చీర ముక్క పరిచాం. మొదట్లో పండు దాని చుట్టూ తిరిగి వాసన చూసి వెళ్ళిపోయేది. లోపల బిస్కెట్ పెడితే తల దూర్చేది. వారం అయ్యేసరికి అందులోనే నిద్ర! తర్వాత జిప్పు వేసి ఐదు నిమిషాలు, పది నిమిషాలు, అరగంట. ఆటోలో కూర్చోబెట్టి నీలకంఠేశ్వరుడి గుడి దాకా తిప్పి తెచ్చాం.

"ఇంత తిప్పలెందుకు, నిద్ర మందు ఇస్తే పడుకోదా?" అని మా బంధువు ఒకామె సలహా ఇచ్చింది. డాక్టరుగారు గట్టిగా వద్దన్నారు. పైన గాలి ఒత్తిడి తక్కువగా ఉన్నప్పుడు ఆ మందులు ఊపిరినీ గుండెనీ మందగింపజేస్తాయట. మనకు తెలియకుండా నిద్రలోనే ప్రమాదం జరగవచ్చు. నెల రోజుల ఓపిక చేసే పని మందు చేయదు.

ఫిబ్రవరి నెలలో బయల్దేరాం. తెల్లవారుజామున నాలుగింటికి కంఠేశ్వర్ నుంచి కారు కదిలింది. ఇందల్వాయి టోల్ దాటి, కామారెడ్డి, భిక్కనూరు, రామాయంపేట, తూప్రాన్ మీదుగా మేడ్చల్ చేరి, అక్కడ అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కి శంషాబాద్. రెండు వందల కిలోమీటర్ల పైమాట. రాత్రి పండుకు కొంచెం పెరుగన్నం పెట్టి, తర్వాత ఏమీ పెట్టలేదు. కడుపు నిండా ఉంటే కారులోనే కక్కుకుంటాయి. నీళ్ళు మాత్రం గుక్కెడు గుక్కెడు తాగించాం. రామాయంపేట దాటాక పొలాల పక్కన ఆపి, పట్టీ వేసి తిప్పితే కానిచ్చింది. విమానాశ్రయం లోపలికి వెళ్ళేముందు బయట గడ్డి ఉన్న చోట ఇంకోసారి. చంటిపిల్లల తల్లులకు ఇవన్నీ చెప్పక్కర్లేదు. పాత నూలు గుడ్డలు, ప్లాస్టిక్ సంచులు, తడి గుడ్డ సర్దుకుంటే చాలు. దారిలో తినడానికి మనం తెచ్చుకున్నవి ముద్దొచ్చి పెట్టకండి. ఉల్లిపాయ, ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్ కుక్కలకు విషంతో సమానం.

శంషాబాద్‌లో కౌంటర్ దగ్గర సంచిని మళ్ళీ తూచి, కాగితాలు చూసి, డబ్బు కట్టించుకున్నారు. మన సామాను కింద ఇచ్చే ఉచిత బరువులో దీన్ని లెక్కపెట్టరు, విడిగానే కట్టాలి. కొంచెం గాబరా పెట్టేది భద్రతా తనిఖీ. సంచి ఒక్కటే ఎక్స్‌రే యంత్రంలోకి పోతుంది. కుక్కను బయటికి తీసి ఎత్తుకుని మనం నడవాలి. అంతమంది జనంలో, అంత చప్పుళ్ళలో చేతిలోంచి దూకితే ఇంకేమన్నా ఉందా! మెడ పట్టీ కాకుండా, ఒంటికి తొడిగే జీను లాంటి పట్టీ వేసి, తాడు మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకుంది వదినె. తనిఖీ చేసే అమ్మాయి పండు తల నిమిరి, "నామ్ క్యా హై?" అంది. మా వదినె అంత భయంలోనూ "పండూ, మేరా ఛోటా బేటా" అని చెప్పింది.

విమానంలో సంచిని ముందు సీటు కింద, కాళ్ళ దగ్గర పెట్టించారు. దిగేదాకా జిప్పు తీయకూడదు. ఎవరేం చెప్పినా పైన సామాన్ల అరలో మాత్రం పెట్టకూడదు. 2018 మార్చిలో అమెరికాలో హ్యూస్టన్ నుంచి న్యూయార్క్ వెళ్ళే విమానంలో ఒక కుటుంబం కుక్కపిల్ల ఉన్న సంచిని పై అరలో పెట్టించారు. విమానం దిగేసరికి ఆ పిల్ల ప్రాణం లేదు. ఈ సంగతి తెలుసుకున్నాక, అవసరమైతే సిబ్బందితో ఎట్లా మాట్లాడాలో కూడా నేను మనసులో అనుకునే ఎక్కాను. ఆ అవసరం రాలేదు.

మా వరసలో కిటికీ దగ్గర ఒక పెద్దావిడ కూర్చుంది. సంచిలోంచి మూతి కనిపించగానే కాళ్ళు పైకి లాక్కుంది. చిన్నప్పుడు కుక్క కరిచిందట, వణికిపోతోంది. వదినె ముఖం చిన్నబుచ్చుకుంది. నాకు మాత్రం ఆమె తప్పు కనిపించలేదు. మన పండు మనకు ముద్దు, పక్కవాళ్ళకు కాకపోవచ్చు. కొందరికి బొచ్చు పడక తుమ్ములు, ఆయాసం వస్తాయి. నేనే గంట నొక్కి, "ఈ అమ్మకు వేరే సీటు చూడండమ్మా" అని అడిగాను. రెండు వరసల ముందు ఇచ్చారు. పోతూ పోతూ ఆవిడే వెనక్కి తిరిగి, "మంచిగనే కూసుంది పాపం" అంది.

విమానం పైకి లేచేటప్పుడు మనకు చెవులు దిబ్బెడ వేసినట్టే వాటికీ వేస్తాయి. పండు సన్నగా మూలిగింది. వదినె వంగి, జాలీ మీద అరచెయ్యి ఆనించి కూర్చుంది. చేతి వాసన తగిలి కాసేపటికి సద్దుమణిగింది. ఢిల్లీలో దిగేదాకా ఆ చెయ్యి తీయలేదు. ఎవరు ఎవరికి ధైర్యం చెప్పారో నాకైతే తెలియలేదు. వదినెకు కూడా అది మొదటి విమానమే.

అన్ని జంతువుల్నీ ఇట్లా తీసుకుపోవచ్చని మాత్రం అనుకోకండి. పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకు, పర్షియన్ పిల్లులకు ఊపిరి తీసుకోవడమే కష్టం. వాటిని చాలా కంపెనీలు ఒప్పుకోవు. మరీ పసివి, చూడివి, గుండె జబ్బు ఉన్నవి ఇంట్లో ఉండటమే మేలు. రామచిలుకలు, నక్షత్ర తాబేళ్ళ మాట అసలే ఎత్తకండి. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం వాటిని ఇంట్లో పెంచడమే నేరం.

మన జిల్లాలో ఇంటికొకరు గల్ఫ్‌లో ఉంటారు కాబట్టి అదీ అడుగుతున్నారు. దుబాయికి మాత్రం మన పక్కన కూర్చోబెట్టుకుని పోయే వీలు లేదు. అక్కడ దిగే కుక్కలు, పిల్లులు సరుకుగా బుక్ అయి కిందనే రావాలి. చిత్రం ఏమిటంటే, ఎమిరేట్స్ విమానాల్లో దుబాయికీ పాకిస్తాన్‌లోని కొన్ని ఊళ్ళకీ మధ్య డేగలను మాత్రం మనుషుల పక్కనే కూర్చోనిస్తారు! అరబ్బుల డేగ వేట ముచ్చట అది. ఇక అమెరికా వాళ్ళు 2024 ఆగస్టు నుంచి నియమాలు బిగించారు. కుక్కకు ఆరు నెలలు నిండాలి, చర్మం కింద మైక్రోచిప్ ఉండాలి. రేబీస్ ఎక్కువగా ఉన్న దేశాల జాబితాలో మన దేశం ఉంది కనుక మన దగ్గరినుంచి వెళ్ళేవాటికి ఇంకా కాగితాలు అడుగుతారు. ఇదంతా నెలల పని. బయటి దేశాలనుంచి మన దేశానికి తేవాలన్నా ముందు అనుమతి కావాలి. 2022లో ఉక్రెయిన్ యుద్ధంలో చిక్కుకున్న మన విద్యార్థులు కుక్కల్నీ పిల్లుల్నీ వదిలి రామని పట్టుబడితే, ప్రభుత్వం ఆ ఒక్కసారికి నియమాలు సడలించింది. బాంబుల మధ్య కూడా వదలని పిల్లలు వాళ్ళు!

"మనుషులకే దిక్కులేదు, కుక్కకు అన్ని వేలా?" అన్నవాళ్ళు మా బంధువుల్లోనే ఉన్నారు. ఆ మాటకు వదినె దగ్గర జవాబు లేదు, నేనూ వాదించలేదు. వారం రోజులు ఢిల్లీలో ఉండి కళ్ళతో చూసిందే చెబుతాను. నాలుగో అంతస్తు ఇల్లు. కొడుకూ కోడలూ పొద్దున పోతే రాత్రికి వస్తారు. పండు విమానానికి కాదు గానీ లిఫ్టుకు భయపడింది. దాన్ని ఎత్తుకుని వదినె రోజుకు రెండుసార్లు కిందికి దిగుతుంది. మూడో రోజుకే నలుగురు ఆడవాళ్ళు ఆగి పండు పేరు అడిగి, ఆ తర్వాత ఈమె ఊరు అడిగారు. మన బోధన్ ఉర్దూ అక్కడ బాగానే పనికొచ్చింది. పండు లేకపోతే ఆమె ఆ తలుపు దాటి బయటికి వచ్చేదా? నాకు నమ్మకం లేదు.

తీసుకుపోలేని పరిస్థితి ఎవరికైనా వస్తుంది. అప్పుడు ప్రేమగా చూసుకునేవాళ్ళను వెతికి, తిండీ టీకా వివరాలు చెప్పి అప్పగించండి. వీధిలో వదిలేసి పోవడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద నేరం. చట్టం సంగతి అట్లా ఉంచినా, పదేళ్ళు మన గుమ్మంలో పడుకున్న ప్రాణికి గుమ్మం లేకుండా చేయడం ఎంత అన్యాయం! బదిలీ కాగితం చేతికి రాగానే బీరువాలు, గ్రైండర్లు ఎట్లా పంపాలో లెక్కలు వేసుకుంటాం కదా, ఆ లెక్కలో మొదటి వరసలోనే దాని పేరు కూడా రాసుకోండి. నెల రోజుల గడువుంటే చాలు, మిగతాదంతా మనం చేసుకోగలం.