బ్యాడిగి రంగు, బచ్చాల చారు

2024 మార్చి 12, మంగళవారం. ఆదోని

పొద్దున పేపరు తెరిస్తే బ్యాడిగి వార్త. నిన్న అక్కడి మిరప మార్కెట్లో ధర ఒక్కసారిగా పడిపోయిందని రైతులు తిరగబడి, మార్కెట్ ఆఫీసు మీదికి పోయి బండ్లు తగలబెట్టారట. బ్యాడిగి ఎక్కడో కర్ణాటకలో, హావేరి జిల్లాలో ఉంది. అయినా కౌతాళం, కోసిగి వైపు మిరప వేసినవాళ్లకు ఆ మార్కెట్ ధరే ధర. ఉరుకుందలో ఉండే చిన్నమామకు ఫోన్ చేస్తే, "మనవి పోయిన వారమే అమ్మేసినామ్మే, దేవుడే కాపాడినాడు" అన్నాడు. ఆయన గొంతులో సంతోషం మాత్రం లేదు. పక్క చేను వాళ్ల సరుకు ఇంకా బస్తాల్లోనే ఉంది.

ఇంటి ఖర్చుకని ఆయన పంపిన కాయలు మిద్దె మీద ఎండుతున్నాయి. ముడతలు పడిన తోలు, నల్లగా తిరిగిన ఎరుపు. ఎక్కువ కడ్డీ రకమే, సన్నగా పొడుగ్గా. అడుగున రెండు దోసిళ్లు దబ్బీ కూడా ఉన్నాయి, పొట్టిగా, లావుగా, నిండా గింజలతో.

సీమ కూర అంటే కళ్లల్లో నీళ్లు తిరగాలని బయటివాళ్ల నమ్మకం. మా ఆఫీసుకు బదిలీ మీద వచ్చిన ఒకాయన మా ఇంట్లో వంకాయ కూర ఎర్రగా కనబడేసరికి ముందే నీళ్ల గ్లాసు దగ్గరికి జరుపుకున్నాడు. తిన్నాక, "ఇంతేనా కారం?" అన్నాడు. ఇంతే. బ్యాడిగి కాయలో ఘాటు తక్కువ, రంగు ఎక్కువ. 2011లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది కూడా ఆ రంగు పేరు మీదనే. కంపెనీలు దీనిలోనుంచి రంగు నూనె పిండి తినే సరుకుల్లోనూ, లిప్‌స్టిక్కుల్లోనూ కలుపుతాయి. మా పడమటి వంటలో మిరపకాయ పని ముందు రంగు, తర్వాత వాసన, ఆ తర్వాతే మంట.

మార్చి 17, ఆదివారం

కారం పట్టించే రోజు. గిర్ని దగ్గర ఆడవాళ్ల వరుస రోడ్డు దాకా వచ్చింది. జొన్నలు, గోధుమలు ఆడే రాయి వేరు, కారం ఆడేది వేరు. కారం గది ముందు నిలబడితే మాటలకన్నా తుమ్ములే ఎక్కువ.

నిన్న రాత్రంతా దినుసులు వేయించడంతోనే సరిపోయింది. అత్త పొయ్యి ముందు పీట వేసుకొని కూర్చుంది, నన్ను గరిటె పట్టుకోనీయలేదు. ముందు మెంతులు, సన్న మంట మీద, గోధుమ రంగు తిరిగేదాకా. తర్వాత దనియాలు. జీలకర్ర చివర, పెనం దించేశాక ఆ వేడికే. "అన్నీ ఒక్కసారి పోసినావంటే జీలకర్ర మాడుతాది, మెంతులు పచ్చిగానే ఉంటాయి. ఒక్కోదానికి ఒక్కో గడువుమే" అంది. మెంతులు ఒక్క క్షణం ఎక్కువ వేగితే చేదు తిరిగి జాడీ మొత్తం పాడవుతుంది. అందుకే కిలో కాయలకు ఆమె మెంతులు రెండు చెంచాలకు మించి వేయదు.

మా ఇంటి లెక్క ఇది. మూడు పాళ్లు బ్యాడిగి, ఒక పాలు గుంటూరు కాయ. కిలో కాయలకు పావుకిలో దనియాలు, అందులో సగం కన్నా తక్కువ జీలకర్ర, రెండు పసుపు కొమ్ములు. గిర్ని నుంచి తెచ్చాక, వేడి తగ్గిన తర్వాత, కచ్చాపచ్చాగా దంచిన తెల్లగడ్డ, ఉప్పు కలిపి, అరచేతులకు బుడ్డల (వేరుశనగ) నూనె రాసుకొని పిసికి జాడీకి ఎత్తడం. చెక్క, లవంగం ఈ కారంలో పడవు. వాటి పొడి వేరే చిన్న సీసాలో ఉంటుంది, రాతిపువ్వు, గసాలు, అనాసపువ్వుతో కలిసి. మటన్ తెచ్చిన రోజే దాని మూత తీస్తాం. ఎదురింటావిడ అన్నీ ఒకే డబ్బాలో ఆడించి, "పని తప్పింది" అంటుంది. పని తప్పిన మాట నిజమే. వాళ్లింట్లో పప్పు, పులుసు, వంకాయ అన్నీ ఒకే వాసన వేస్తాయి. ఆమెతో అనలేను, ఇక్కడ రాసుకుంటున్నా.

ఏప్రిల్ 9. ఉగాది

బచ్చాలు. అదే, బొబ్బట్లు. తక్కిన సంగతులు రాసే ఓపిక లేదు, నడుము పట్టేసింది.

ఏప్రిల్ 10, బుధవారం

పండుగ అసలు రుచి నిన్న కాదు, ఈ రోజు. నిన్నటి చారు రాత్రంతా కుండలో ఊరి, ఈ పొద్దున రెండోసారి కాగింది.

బచ్చాల చారు పుట్టింది పొదుపులోనుంచి. పూర్ణానికని శనగబ్యాళ్లు ఉడికించి వంచేస్తే మిగిలే కట్టు పారబోయడానికి ఎవరికి మనసొప్పుతుంది? దానిలో చింతపండు పులుసు పోసి, బెల్లం కలిపిన పూర్ణం ఒక పిడికెడు కరిగిస్తారు. పులుపు, తీపి కుదిరాక దినుసులు. ఇక్కడే మా ఇంట్లో రెండు మతాలు. అత్త పుట్టిల్లు సిరుగుప్ప. ఆమె ఎండుకొబ్బరి, దనియాలు, జీలకర్ర, ఎండుమిరపకాయలు, చిన్న చెక్క ముక్క, రెండు లవంగాలు వేయించి నూరి ముద్ద వేస్తుంది. ఎమ్మిగనూరు నుంచి వచ్చిన మా తోడికోడలికి కొబ్బరి గిట్టదు. మిరియాలు, జీలకర్ర దంచి, తెల్లగడ్డ పోపు ఘాటుగా పెట్టి, "చారు అంటే పలచగా ఉండాల, సాంబారు కాదు కదక్కా" అంటుంది. నిన్న వంతు అత్తది. ఏ వంతు వచ్చినా నేను మాట్లాడకుండా రెండు గిన్నెలు తాగుతాను.

సిరుగుప్ప బళ్లారి జిల్లాలో ఉంది, ఇక్కడికి దగ్గర. 1953 దాకా ఆదోనిదీ ఆ జిల్లానే. ఆ ఏడు అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి, బళ్లారి అటు మిగిలింది. సంబంధాలు కలుపుకోవడం మాత్రం ఎవరూ మానలేదు. అందుకే మా వంటింట్లో గురెళ్ల పొడి, జొన్న రొట్టె, పుంటికూర ఏ రాష్ట్రానివని అడిగితే జవాబు చెప్పలేం.

జూన్ 17, సోమవారం. బక్రీద్

పక్కింటి ఆపా దాల్చా పంపింది, ఖుష్కాతో. సొరకాయ, శనగబ్యాళ్లు, మాంసం, చింతపండు. అత్త ముట్టదు గానీ, గిన్నె మూత తీసి వాసన చూసి, "చెక్క ఎక్కువేసినారు" అని తీర్పు చెప్పింది. ఉగాదికి వాళ్లింటికి పోయిన బచ్చాల మీద ఆపా వాళ్ల అత్త ఏం తీర్పు చెప్పిందో మాకు తెలియదు.

ఆగస్టు 12, సోమవారం. ఉరుకుంద

శ్రావణమాసం రెండో సోమవారం. నరసింహ ఈరన్న స్వామి గుడి చుట్టూ జనమే జనం. రాయచూరు, బళ్లారి, గద్వాల బండ్లు. మాటల్లో మాత్రం దేవుడికన్నా డ్యామే ఎక్కువ వినబడింది. మొన్న పదో తేదీ రాత్రి తుంగభద్ర 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. డ్యాములో నిలవాల్సిన నీళ్లు నదిలో పోతున్నాయి. ఈ ఊరికి దిగువ కాలువే ఆధారం, భక్తుల స్నానాలు కూడా దానిలోనే. చిన్నమామ మిరప నారు పోసి పెట్టుకున్నాడు. "నాటల్నా వద్దా?" అని గుడిలో దండం పెట్టుకుంటూనే పక్కవాడిని అడుగుతున్నాడు.

మూడు రాళ్ల పొయ్యి పెట్టి నైవేద్యం వండాం. గాలి ఒక దిక్కు నుంచి కొడుతోంది, పొగ మాత్రం నేను ఏ దిక్కుకు జరిగితే ఆ దిక్కుకే. పాయసం, అన్నం, పప్పు, బచ్చాలు. ఇంటి నుంచి కారం, పసుపు, ఇంగువ, జీలకర్ర పొట్లాలు తెచ్చుకుంటే సరిపోయింది. పప్పులో జీలకర్ర, ఇంగువ, ఎండుమిరపకాయ పోపు, అంతే. మా వెనక పొయ్యి రాయచూరు నుంచి వచ్చిన ఒకావిడది. ఆవిడ వంకాయలకు నాలుగు గాట్లు పెట్టి బుడ్డలు, నువ్వులు, ఎండుకొబ్బరి నూరిన ముద్ద కూరుతోంది. కారం నిండుకుందని అడిగితే మా పొట్లంలోది ఇచ్చాను. కొంచెం వేలి మీద వేసుకొని నాలుక్కి రాసుకొని, "దబ్బీ కలిసిందా?" అని కన్నడంలో అడిగింది. నిజంగానే కలిసింది. అత్త ముఖం చూడాలి ఆ నిమిషాన. ఇంతకాలం దబ్బీ కలిపిన మాట ఒక్కసారీ నాతో అననిది, ఇంటికొచ్చే దాకా బస్సులో అందరికీ చెప్పింది.

ఆగస్టు 18, ఆదివారం

గేటు స్థానంలో స్టాప్‌లాగ్ నిలబెట్టారు. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు దగ్గరుండి, నీళ్లు పారుతుండగానే, ఒకదాని మీద ఒకటిగా ఉక్కు పలకలు దించి ప్రవాహం ఆపించారు. చిన్నమామ రేపటి నుంచి నాట్లన్నాడు. వేసేది మూడెకరాలే. నిరుడు ఐదు వేశాడు.

ఆగస్టు 25, ఆదివారం

మేనల్లుడు హైదరాబాదు హాస్టలుకు పోతున్నాడు. వాడికి గురెళ్ల పొడి, బుడ్డల పొడి, పప్పుల పొడి చేసిచ్చాను. గురెళ్లు చిటపటలాడేదాకా వేయించి, తెల్లగడ్డ, కారం, ఉప్పు వేసి రోట్లో దంచాను. మిక్సీలో వేస్తే నూనె వదిలి ముద్ద కడుతుంది. ఉగ్గాని ఎట్ల చేయాలో కాగితం మీద రాసివ్వమన్నాడు. బొరుగులు నీళ్లలో ముంచిన వెంటనే పిండేయాలి. పోపులో ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయలు, పసుపు. బొరుగులు కలిపి, మంట ఆపాక పప్పుల పొడి చల్లాలి, నిమ్మకాయ పిండాలి. ఉగ్గానికి జతగా తినే బజ్జీలు హాస్టల్లో కుదరవు, వాము వాసన మీద మనసైతే బయట కొనుక్కోమన్నాను. పొడుల డబ్బాలు మూడూ తీసుకున్నాడు. బుడ్డల నూనె సీసా మాత్రం వద్దన్నాడు, బస్సులో కారుతుందట.