పార్సిల్ మీద 55

ఆన్‌లైన్ వేలంలో కొనేవాళ్లకి పోస్టేజీ మీద అనుమానం ఊరికే రాలేదు. ఒకప్పుడు అమెరికా ఈబేలో కమీషన్ వస్తువు ధర మీదే ఉండేది. దాంతో కొందరు సీడీని ఒక్క సెంటుకి పెట్టి, లాభమంతా షిప్పింగ్‌లో లాగేవాళ్లు. 2011లో షిప్పింగ్ మీద కూడా కమీషన్ వేసి ఆ దారి మూశారు. అయిన ఖర్చే అడిగినవాళ్లకీ కోత పడింది, పాపం.

నేనూ ఆ పాపం బాపతే. మొన్న నా పాత కాలిక్యులేటర్‌ని వేలానికి పెట్టా. పోస్టేజీ 90 అని ముందే రాశా. పార్సిల్ చేరాక కొన్నాయన మెసేజ్: "దీని మీద 55 అనే ఉంది. మిగతా 35 ఎవరి జేబులోకి?"

అట్టపెట్టె, బబుల్ రాప్, టేపు, పోస్టాఫీసు దాకా ఆటో... ఇవేవీ పార్సిల్ మీద కనపడవు కదా! లెక్క మొత్తం రాసి పంపా. ఒక్క స్టారే ఇచ్చారు. కింద ఒక లైను: "ఆటో ఎందుకు బాబూ, బస్సుంది కదా."