కల్లు కుండ నుంచి ల్యాబ్ దాకా

ఏజెన్సీ నుంచి రామచంద్రపురం వచ్చి డిగ్రీలో మైక్రోబయాలజీ చదువుతున్నా. ఇక్కడ కోతలయ్యాక ఎటు చూసినా వరిగడ్డే. ఆ గడ్డిలో జైలోజ్ అనే చక్కెర దాగి ఉంటుంది. పలచటి ఆమ్లంలో ఉడికిస్తే బయటికొస్తుంది. కాండిడా ట్రోపికాలిస్ అనే ఈస్ట్ దాన్ని జైలిటాల్‌గా మారుస్తుంది. తీపి పంచదారంతే ఉంటుంది, కేలరీలు మాత్రం గ్రాముకి 4 బదులు 2.4. పళ్లు కూడా పుచ్చవు.

మన జీలుగు కల్లు కూడా అంతే కదా! తెల్లారి దింపితే తీపి, ఎండెక్కేసరికి పులుపు. పులుపు బ్యాక్టీరియా పని, మత్తు ఈస్ట్ పని. కుండలో దానంతటదే చేరే ఈస్ట్ చక్కెరను మత్తుగా మారుస్తుంది. ల్యాబ్‌లో మనకి కావాల్సిన రకాన్నే ఎంచి పెంచుతాం.

ఫ్యాక్టరీల్లో జైలిటాల్‌ని ఎక్కువగా నికెల్, హైడ్రోజన్‌తో, గట్టి పీడనంలో చేస్తారు. ఈస్ట్‌కి 30 డిగ్రీల వేడి చాలు. కానీ గడ్డిని ఉడికించినప్పుడు ఈస్ట్‌ని దెబ్బతీసే పదార్థాలూ పుడతాయి. వాటిని తీసెయ్యడానికి ఖర్చవుతుంది. చిక్కు అక్కడే ఉంది.

ఇంట్లో వాళ్లు డీఎస్సీ రాయమంటున్నారు. రాస్తాను, తప్పేం లేదు. కానీ పులియబెట్టడం తరతరాలుగా చూసిన మనం ఈ చిక్కు విప్పే ల్యాబుల్లోనూ ఉండాలి కదా. బైపీసీ చదివే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ సబ్జెక్టు వైపు ఒకసారి చూడండి. డౌట్లుంటే అడగండి, తెలిసింది చెప్తా.