షేక్ ఒకటే, స్పెల్లింగులు నాలుగు

ఉర్దూలో షేక్ అని రాయడానికి మూడే హర్ఫ్‌లు: షీన్, యే, ఖే. మా ఉర్దూ మీడియం బడిలో ఆ పేరుకి ఎప్పుడూ పేచీ రాలేదు. ఇంగ్లీషులోకి వచ్చేసరికి చివర హెచ్ ఉన్నదొకటి, లేనిదొకటి, ఏఐ బదులు ఈఐ ఉన్నదొకటి, ఇవేవీ కాక వట్టి ఎస్‌కే.

జగ్గయ్యపేటలో మా ఖాలా మనవరాలి స్కాలర్‌షిప్ దీనివల్లే ఆగింది. టెన్త్ మెమోలో ఎస్‌కే, ఆధార్‌లో షేక్. కంప్యూటర్ లెక్కలో ఇద్దరమ్మాయిలు. వాళ్ల అబ్బా మిషన్ పని మానుకుని మూడుసార్లు నందిగామ తిరిగాడు.

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ చేసే మా ఆపా కొడుకుని అడిగాను. "కంప్యూటర్‌ది ఖసూర్ కాదు మామూ, ముందు అడగనివాళ్లది" అన్నాడు. సిస్టమ్ కట్టడానికి ఒక తరీఖా ఉందట. 1970ల చివర్లో టామ్ డిమార్కో లాంటివాళ్లు దాన్ని పుస్తకాల్లో పెట్టారు. 1980ల్లో బ్రిటన్ సర్కారు ఎస్‌ఎస్‌ఏడీఎం పేరుతో తన ప్రాజెక్టుల్లో వాడింది. ముందు ఇప్పుడు జరుగుతున్న పని చూడాలి: కాగితం ఎవరు తెస్తారు, ఎవరి చేతికి పోతుంది. దాన్ని బొమ్మ గీయాలి. తర్వాత ఎవరికేం కావాలో అడగాలి. ఆపైన ప్రతి గడికీ వివరం రాయాలి: పేరులో ఎన్ని ముక్కలు, ఎన్ని అక్షరాలు, ఖాళీగా వదలొచ్చా. కోడ్ ఆఖర్న.

ఆ గడి వివరం రాసేరోజు మన మహల్లాలో ఎవరినైనా అడిగారా? షేక్, సయ్యద్, పఠాన్ ఇంటిపేరు గడిలో కూర్చుంటాయి. కానీ సగం మహల్లాకి అదే ఇంటిపేరు. అమ్మీ పేరు చివర బీ, ఆపా పేరు చివర బేగం, అవి ఏ గడిలోకి పోవాలి?

1998లో మన రాష్ట్రం కార్డ్ పేరుతో రిజిస్ట్రేషన్ ఆఫీసుల్ని కంప్యూటర్లలోకి మార్చింది. దస్తావేజు, దాఖలా, ఖాతా, జిల్లా... ఆఫీసు జుబాన్‌లో ఇన్ని మాటలు మనింట్లోవే. పేరు గడి దగ్గరికొచ్చేసరికే మనం పట్టం.

అమ్మీలూ, అబ్బాలూ, బర్త్ సర్టిఫికెట్ నాడే ఒక స్పెల్లింగ్ ఖరారు చేసుకోండి. బడిలో ఎస్‌కే అని కుదించనివ్వకండి.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్న పిల్లలూ, మీటింగ్‌లో పేరు గడి మాటొస్తే నోరు విప్పండి. అప్పుడైతే ఒక పెన్సిల్ గీతతో పోతుంది. కోడ్ రాసేశాక లక్షల రికార్డులు కదిలించాలి. అందాకా ఎవరో ఒక అబ్బా నందిగామ బస్సెక్కుతూనే ఉంటాడు.