జట్టు మాట

మా భద్రాచలం ఏజెన్సీలో కౌన్సెలింగ్ అంటే సర్టిఫికెట్ల కట్ట పట్టుకుని లైన్లో నిలబడి సీటు తెచ్చుకోవడం. పది తర్వాత ఎటు వెళ్తావు, ఎందుకు వెళ్తావు అని పిల్లల్ని కూర్చోబెట్టి మాట్లాడేది తక్కువ. ఆ పని పిల్లలే ఒకరికొకరు చేసుకుంటున్నారు.

ఆశ్రమ పాఠశాల టీచరుగా నేను రోజూ చూసేది ఇదే. మా కోయ పిల్లలు మూడో తరగతికే గూడెం వదిలి హాస్టల్‌కు వస్తారు. పెట్టె పక్కన పెట్టె పెట్టుకుని, జ్వరమొస్తే ఒకరికొకరు కాపలా ఉండి పెరుగుతారు. పదికి వచ్చేసరికి అమ్మానాన్నల మాటకంటే, మా మాటకంటే జట్టు మాటే బలం. దాన్ని తప్పుపట్టలేం. తెలుగు పాఠం అర్థంకాక బిక్కమొహం వేసిననాడు కోయలో విడమర్చి చెప్పింది ఆ జట్టే.

బడి మాన్పించేదీ అదే. సంక్రాంతి దాటితే మిర్చి కోతలు. కూలీల కోసం గూడెంలోకే బండి వస్తుంది. ఒకరు ఎక్కితే ఇంకో ఇద్దరు ఎక్కుతారు. వాళ్ళ చేతిలో కొత్త సెల్లు చూసి మిగిలినవాళ్ళ మనసు లాగుతుంది. మార్చిలో పబ్లిక్ పరీక్షలు వచ్చేనాటికి కోతలు పూర్తికావు.

ఒక ఏడాది, ఒకే గూడెం నుంచి వచ్చిన నలుగురు ఆడపిల్లల్లో ఒకరు పండగ తర్వాత రాలేదు. మేం వెళ్తే గుమ్మం దాటి రాలేదు. మరుసటి ఆదివారం మిగతా ముగ్గురినీ తీసుకెళ్ళాం. ఇప్పచెట్టు కింద గంటసేపు మాట్లాడుకున్నారు. "నువ్వు లేకపోతే మాకు లెక్కలు ఎవరు చెప్తారే?" అన్న మాట నా చెవిన పడింది. ఆ పిల్ల సంచి సర్దుకుంది. అప్పుడు వాళ్ళమ్మ అడిగింది: "అక్కా, కూలి పోతోంది. పది పాసైతే దీనికేమొస్తుంది?"

అసలు కౌన్సెలింగ్ ఆ ప్రశ్న దగ్గరే మొదలవుతుంది. పాలిసెట్ రాస్తే మూడేళ్ళ డిప్లొమా ఉందని, పది మార్కుల మీద బాసర ట్రిపుల్ ఐటీలో ఆరేళ్ళ చదువుకు సీటు ఇస్తారని, ఐటీఐలో చేతిపని నేర్చుకోవచ్చని, గురుకుల కాలేజీలో ఉండి ఇంటర్ చదవొచ్చని ఆమెకు కోయలోనే చెప్పాను. నలుగురూ ఒకేచోట బైపీసీ చేరాలనుకున్నారు. అది తీసుకుంటే ఇంజినీరింగ్ దారి చాలావరకు మూసుకుపోతుందని లెక్కల పిల్లకు ఎవరూ చెప్పలేదు. ఒక్కొక్కరినీ విడిగా అడిగితే నాలుగు వేరువేరు కోరికలు బయటపడ్డాయి. ఆ పిల్ల డిప్లొమాలో చేరింది. ఇద్దరు ఇంటర్ పూర్తిచేశారు. ఒకమ్మాయి మధ్యలో ఆపేసింది. ఆమెకు ఇంట్లోని అప్పు అడ్డమైంది, జట్టు కాదు.

అందుకే ఈ మాటలు జూన్‌లో సీట్ల వేళ కాకుండా సంక్రాంతి సెలవులకు ముందే జరగాలి. అదే గూడెం నుంచి వెళ్ళి చదువుకుంటున్న అక్కలూ అన్నలూ వచ్చి చెప్పాలి. అమ్మానాన్నలు వినేలా ఇంటి భాషలో చెప్పాలి. జట్టును విడదీస్తే పిల్లలు నిలబడరు. జట్టులోనే ఉంచి, ఎవరి దారి వాళ్ళకు చూపిస్తే ఆ పిల్లలే ఒకరినొకరు బడికి తెచ్చుకుంటారు.