కర్మన్‌ఘాట్ పక్కనే... కృష్ణజింకలతో ఓ ఉదయం!

కర్మన్‌ఘాట్ ఆంజనేయుడి కథ వేటతోనే మొదలవుతుంది. పన్నెండో శతాబ్దంలో కాకతీయరాజు రెండో ప్రోలుడు ఇక్కడి అడవికి వేటకొచ్చాడట. అలసిపోయి చెట్టుకింద కూర్చుంటే పులి గాండ్రింపు వినిపించిందట. ఆయుధం పట్టుకుని పొదల్లోకి వెళ్తే పులి లేదు... రామనామం వినపడింది! అక్కడ దొరికిన విగ్రహానికే ఆయన గుడి కట్టించాడనీ, నేటి ధ్యానాంజనేయస్వామి ఆయనేననీ స్థలపురాణం. తర్వాతెప్పుడో గుడిని కూల్చడానికి వచ్చిన ఔరంగజేబుకి ‘కర్ మన్ ఘట్’... అంటే ‘ముందు నీ మనసు గట్టి చేసుకో’ అన్న మాటలు వినిపించాయనీ, అదే ఊరిపేరైందనీ స్థానికులు చెబుతారు.

పులి గాండ్రించిందన్న చోట ఇప్పుడు వినిపించేది పెళ్లి బ్యాండు. రోడ్డు పొడవునా ఫంక్షన్‌హాళ్లూ అపార్ట్‌మెంట్లే మరి! అయితే ఈ చుట్టుపక్కల అడవి పూర్తిగా మాయమైపోలేదు. సాగర్ రింగ్‌రోడ్డు మీదుగా ఎల్‌బీనగర్ చేరి, విజయవాడ దారి పట్టి వనస్థలిపురం దాటేలోపే పెద్ద ముక్కొకటి కనిపిస్తుంది. కర్మన్‌ఘాట్ నుంచి పది కిలోమీటర్ల లోపే. అదే మహావీర్ హరిణ వనస్థలి జాతీయ ఉద్యానవనం. ఒకప్పుడు నిజాంల వేటస్థలం. మహావీరుడి 2500వ నిర్వాణ సంవత్సరం గుర్తుగా 1975లో దానికి ఆ పేరు పెట్టారు. విస్తీర్ణం 1459 హెక్టార్లు, అంటే సుమారు 3600 ఎకరాలు. తుపాకుల మోతకు బెదిరిన నేల అహింసను బోధించిన మహనీయుడి పేరు పెట్టుకోవడం చిత్రమే.

ఇక్కడికి ఇప్పుడూ ‘వేటగాళ్లు’ వస్తూనే ఉన్నారు. కాకపోతే వాళ్ల మెడలో ఉండేది కెమెరా. హైదరాబాద్‌లో కెమెరాకీ వేటకీ బంధం కొత్తదేం కాదు. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ రాచవేటలను గాజుపలకల మీదికెక్కించాడు. 1902లో వైస్రాయ్ కర్జన్ దంపతులు నేలకూలిన పులి వెనక నిలబడి దిగిన ఫొటో ఆయన పేరిట నేటికీ ప్రసిద్ధం. ఆ కాలంలో ఫొటోలో పులి కదలకుండా ఉందంటే దానికి ప్రాణం లేదనే అర్థం!

బతికున్న జంతువును ఫొటో తీయాలంటే బోలెడు డబ్బుండాలన్న భయం చాలామందికి ఇప్పటికీ ఉంది. ఆ భయానికి కారణం లేకపోలేదు. ఉదాహరణకు కెనాన్‌లో 400 మి.మీ. ఎఫ్/2.8 లెన్సు మూడోతరం మోడల్‌నే తీసుకోండి. బరువు 2,840 గ్రాములు. ధర లక్షల్లో. అదే కంపెనీ 2021లో తెచ్చిన ఆర్‌ఎఫ్ 100-400 జూమ్ కూడా 400 మి.మీ. దాకా చూడగలదు. బరువు 635 గ్రాములే... అరలీటరు నీళ్లసీసా కంటే కాస్త ఎక్కువ. ధర లక్ష లోపే. చిన్న సెన్సర్ ఉన్న కెనాన్ బాడీకి తగిలిస్తే 640 మి.మీ. లెన్సులో చూసినంత దగ్గరగా కనిపిస్తుంది. ఇంకా తక్కువలో కావాలంటే పాత డీఎస్‌ఎల్‌ఆర్‌లకు సరిపోయే 55-250 జూమ్ ఉంది. ఎస్‌టీఎం రకమైతే 375 గ్రాములు.

మరి తేడా ఎక్కడ? వెలుతురులో. 400 దగ్గర ఈ చిన్న జూమ్ ఎఫ్/8 కంటే ఎక్కువ తెరుచుకోదు. ఖరీదైన లెన్సు లోపలికి పంపే కాంతిలో ఇది పంపేది ఎనిమిదోవంతే. చెట్ల నీడలో, సందెవేళలో షటర్ వేగం పడిపోతుంది. లెన్సులోని స్టెబిలైజర్ మన చేతి వణుకును ఆపుతుందిగానీ జింక పరుగును ఆపదు. పరుగెత్తే జింక ఫొటోలో అలుక్కుపోకుండా రావాలంటే సెకనులో వెయ్యోవంతు, అంతకంటే వేగం కావాలి. దానికోసం ఐఎస్‌ఓ పెంచితే ఇసుక చల్లినట్లు చుక్కలొస్తాయి. దట్టమైన అడవికి ఈ లెన్సు తీసుకెళ్లినవాళ్లు నిరాశగా తిరిగి రావడం అందుకే.

హరిణ వనస్థలిలో ఆ బాధ తక్కువ. పొదలూ గడ్డిమైదానాలే ఎక్కువ. అక్కడి హీరో కృష్ణజింకేమో పగలు, ఆరుబయట తిరిగే జీవి. అది కోరుకునేదీ, ఈ లెన్సు కోరుకునేదీ ఒకటే... పొద్దుటి ఎండ! చుక్కల జింకలు నీడకు చేరతాయి కాబట్టి వాటితో కొంచెం కష్టం. అన్నట్టు, కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు, చుక్కల జింక తెలంగాణది. రెండూ ఈ కంచెలోపల ఏ పేచీ లేకుండా మేస్తుంటాయి.

ఎదిగిన మగ కృష్ణజింక వీపు నలుపు, పొట్ట తెలుపు. మెలితిరిగిన కొమ్ములు. కంటికి ఎంత అందమో కెమెరాకి అంత తికమక. ఫ్రేము నిండా నల్లని ఒళ్లుంటే కెమెరా అది చీకటనుకుని వెలుతురు పెంచేస్తుంది. పొట్ట సున్నం కొట్టినట్టయిపోతుంది. ఎక్స్‌పోజర్ కాస్త తగ్గించి తీయడమే విరుగుడు. ఎండ ముదిరాక నేలమీంచి లేచే వేడిగాలిలో దూరపు జింక నీళ్లలో నీడలా వణుకుతుంది. దానికి మాత్రం లక్షల లెన్సూ ఏమీ చేయలేదు. చలికాలపు ఉదయాలు మేలనేది అందుకే. సందర్శన వేళలు ముందే కనుక్కుని బయల్దేరాలి.

తేలికపాటి లెన్సుతో ఓ ప్రమాదమూ ఉంది. చేతిలో బరువుండదు కాబట్టి ఇంకో నాలుగడుగులు ముందుకేయబుద్ధవుతుంది. మేస్తున్న జింక తలెత్తి, చెవులు మనవైపు తిప్పిందంటే అప్పటికే హద్దు దాటామన్నమాట. గంటకు 80 కిలోమీటర్ల దాకా పరుగెత్తగల జీవే అయినా, పదే పదే బెదిరి పరుగెడితే మేత మానేస్తుంది. గడ్డిలో పిల్ల ఒక్కటే ముడుచుకుని కనిపిస్తే తల్లి వదిలేసిందనుకోవద్దు. తల్లే దాన్ని దాచిపెట్టి మేతకు వెళ్తుంది. దగ్గరికెళ్తే తల్లి రావడం ఆలస్యమవుతుంది. అలాంటి ఫొటో ఎంత బాగా వచ్చినా రానట్టే లెక్క. ఈ విషయంలో మొహమాటం అక్కర్లేదు, పిల్లలకైనా గట్టిగానే చెప్పాలి.

జింకలు దూరంగా ఉండిపోయాయని దిగులు పడనక్కర్లేదు. ఆర్‌ఎఫ్ 100-400 జూమ్ 88 సెంటీమీటర్ల దూరంలో ఉన్నదాన్నీ ఫోకస్ చేస్తుంది. తూనీగ, సీతాకోకచిలుక, తొండ... ఏది కనిపించినా ఫ్రేములో పెద్దగా పట్టుకోవచ్చు. చిన్నపిల్లలకు జింక ఫొటో కన్నా తూనీగ కళ్లే ఎక్కువ నచ్చుతాయి.

చేయి తిరగాలంటే కర్మన్‌ఘాట్ వాళ్లకి సరూర్‌నగర్ చెరువుగట్టు దగ్గర్లోనే ఉంది. కదలకుండా నిలబడే కొంగతో మొదలుపెట్టి, రెక్కలారబెట్టుకునే నీటికాకి మీదుగా లకుముకిపిట్ట దాకా వెళ్లొచ్చు. కోఠిలో సెకండ్‌హ్యాండ్ లెన్సు కొనేవాళ్లు దాన్ని దీపానికెదురుగా పెట్టి చూడాలి, లోపల సాలెగూడులా కనిపిస్తే అది ఫంగస్. వానాకాలంలో మన లెన్సుకీ అది పట్టకుండా, గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికాజెల్ పొట్లాలు వేసి దాచుకుంటే సరి.